మాల్టా టూర్ ప్యాకేజీ: వీసా పనికి పూర్తి మార్కులు, తిరుగుడు ప్లానుకి సగమే

ముందే చెప్పేస్తున్నాను. మేం మాల్టా ప్యాకేజీ తీసుకున్న బెంగళూరు జయనగర్ ట్రావెల్ ఆఫీసు వీసా పని చాలా శ్రద్ధగా చేసింది, విమానం టికెట్లూ బాగానే చూసింది. కానీ దీవిలో దిగాక ఏ రోజు ఎక్కడ తిరగాలన్న ప్లాను మాత్రం మాల్టా మొహం చూడనివాళ్ళు ఎవరో తయారుచేసినట్టుంది. ఆఫీసు పేరు రాయడం లేదు. కోరమంగళలో, మారతహళ్ళిలో మేం అడిగిన మిగతా చోట్ల నుంచి కూడా దాదాపు అదే పీడీఎఫ్, అవే ఫోటోలు, అదే వరసలో వచ్చాయి, అలాంటప్పుడు ఒక్కళ్ళనే పట్టుకుని అనడం న్యాయం కాదు. మీరు ఎవరి దగ్గర తీసుకున్నా కింద రాసింది పనికొస్తుంది.

యూరప్ అంటే ప్యారిస్, స్విట్జర్లాండ్ కదా, మాల్టా ఏంటి అని మా అపార్ట్‌మెంట్‌లో అందరూ అడిగారు. మాది గుంటూరు, మా అమ్మ చిన్నప్పటి నుంచి చర్చిలో పెరిగిన మనిషి. అపొస్తలుల కార్యముల్లో 27, 28 అధ్యాయాలు ఆవిడకి కంఠతా వచ్చు. పౌలుని ఖైదీగా రోముకి తీసుకెళ్తున్న ఓడ తుఫానులో చిక్కుకోవడం, అందులో ఉన్న 276 మందీ ప్రాణాలతో ఒడ్డుకి చేరడం, ఆ దీవిలో పౌలు చేతికి పాము చుట్టుకోవడం, పొప్లి అనే ఆయన తండ్రికి జ్వరం నయం కావడం, మూడు నెలల తర్వాత ఇంకో ఓడెక్కి వెళ్ళడం. తెలుగు బైబిల్లో మెలితే అని ఉన్న ఆ దీవి మాల్టాయే అని అమ్మకి తెలిసిన రోజు నుంచి ఆ ఒక్క చోటు చూస్తే చాలంటూ ఉంది. బెంగళూరు స్కూళ్ళ సెలవులు ఏప్రిల్, మే నెలల్లో, మాల్టాలో అప్పటికి ఎండ ముదరదు, అందుకని బాబు సెలవుల్లోనే పెట్టుకున్నాం. జూలై, ఆగస్టుల్లో అయితే పెద్దవాళ్ళని తీసుకెళ్ళొద్దు, ఎండకి ఎండ, జనానికి జనం.

ఇక వీసా. మాల్టా 2004లో యూరోపియన్ యూనియన్‌లో చేరింది, 2007 చివర్లో షెంజెన్‌లో (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల కూటమి) కలిసింది, కాబట్టి కావాల్సింది షెంజెన్ వీసాయే. పెద్దవాళ్ళకి ఫీజు 90 యూరోలు, ఆరేళ్ళ నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకి 45, అంతకంటే చిన్నపిల్లలకి లేదు. వీసా సెంటర్ వాళ్ళ సర్వీస్ చార్జీ దీనికి వేరే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందు ఇచ్చేయాలి. కానీ ఆ 15 రోజుల లెక్క నమ్ముకుని కూర్చోకండి, ఇంకా కాగితాలు కావాలనుకుంటే నిర్ణయానికి 45 రోజుల దాకా పట్టొచ్చని రూల్లోనే ఉంది. పాస్‌పోర్టు తిరుగు ప్రయాణం తర్వాత కూడా మూడు నెలలు చెల్లాలి, గత పదేళ్ళలో ఇచ్చిందై ఉండాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి.

ఈ ఆఫీసులో వీసా డెస్కు చూసేది ఒక హిందూపురం అమ్మాయి. ఆమె లేకపోతే ఈ రివ్యూ వేరేగా ఉండేది. అమ్మ ఇన్సూరెన్స్ కాగితంలో ఇంటిపేరు పూర్తిగా కాకుండా ఒక్క అక్షరంగా పడింది. మన తెలుగువాళ్ళకి ఈ ఇంటిపేరు గొడవ తెలిసిందే, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఒకలా, బ్యాంకు పుస్తకంలో ఇనీషియల్‌గా, పెన్షన్ కాగితాల్లో అసలు పేరులో కలిసిపోయి ఇంకోలా. “అక్కా, ఇది ఇలాగే పెడితే అక్కడ ఆపేస్తారు, పాస్‌పోర్టులో ఎట్లుంటే అట్లే ఉండాల” అని తనే పట్టుకుంది, తనే ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్ చేసి సాయంత్రానికల్లా సరిచేయించింది. బ్యాంకు స్టేట్‌మెంట్లో పేర్లు తేడాగా ఉన్నాయి కాబట్టి రెండూ ఒక్కరే అని లెటర్ కూడా రాయించి పెట్టింది. అమ్మ ఖర్చంతా నాదే అని నేనిచ్చే స్పాన్సర్ లెటర్, మా ఆయన ఆఫీసు నుంచి లీవ్ లెటర్, ఫోటోలు సరిగ్గా 35 × 45 మిల్లీమీటర్లు ఉన్నాయా లేదా, అన్నీ స్కేలు పెట్టి చూసింది. వేలిముద్రలు ఇచ్చే రోజు అమ్మ టెన్షన్ పడుతుంటే ముందు రోజు సాయంత్రం ఫోన్ చేసి, “ఏం కాదమ్మా, వేళ్ళు పెట్టేదే, పరీక్షలేం అడగరు” అని ధైర్యం చెప్పింది. వీసాలు అందరికీ వచ్చాయి. ఈ ఒక్క పనికే ఆ ఆఫీసుకి మళ్ళీ వెళ్తాను.

విమానం దుబాయ్ మీదుగా వేశారు. మనకి మాల్టాకి నేరుగా విమానం లేదు. దుబాయ్ నుంచి వెళ్ళేది మధ్యలో సైప్రస్‌లో లార్నకా దగ్గర ఆగి వెళ్తుంది, అది ముందే చెప్పారు, అమ్మకి వీల్‌చెయిర్ అడిగి పెట్టించారు. మంచి పని.

బాధంతా ప్లానుతోనే. ఎనిమిది పేజీల పీడీఎఫ్‌లో గోజో (మాల్టా దేశంలోదే ఇంకో దీవి) పేజీ తెరిస్తే నిండా అజూర్ విండో ఫోటో. సముద్రంలోకి చొచ్చుకొచ్చిన పెద్ద రాతి తోరణం, నిజంగా అద్భుతమైన ఫోటో, కింద “అజూర్ విండో దగ్గర ఫోటో స్టాప్” అని రాశారు. ఆ తోరణం 2017 మార్చి 8న తుఫానులో కూలి సముద్రంలో పడిపోయింది. అడిగితే సేల్స్ అబ్బాయి “అవునా మేడమ్, టెంప్లేట్ పాతది” అన్నాడు. డబ్బు కట్టేది ఆ టెంప్లేట్ చూసే కదా! బుక్ చేసేది రిటైరైనవాళ్ళు, మొదటిసారి యూరప్ వెళ్ళేవాళ్ళు, ఫోటో చూసి ఆశపడి అక్కడిదాకా వెళ్ళి లేదంటే ఎంత బాధపడతారు. ఇంతా చేసి ఆ చోటు, ద్వేజ్రా అంటారు, తోరణం లేకపోయినా చూడాల్సిందే. కొండ మధ్య సొరంగం ఉంది, లోపలి చిన్న మడుగు నుంచి పడవలో ఆ సొరంగం గుండా బయటి సముద్రంలోకి తీసుకెళ్తారు, చీకట్లోంచి ఒక్కసారిగా నీలం నీళ్ళలోకి వస్తే బాబు పడవలో లేచి నిలబడబోయాడు. ఇది పీడీఎఫ్‌లో ఎక్కడా లేదు!

రెండోది, రాజధాని వాలెట్టాలో సెయింట్ జాన్స్ కో-కెథడ్రల్ అనే పెద్ద చర్చిని ఆదివారం వేశారు. ఆదివారం ప్రార్థనలు, టూరిస్టులని చూడనివ్వరు. అదే సమయంలో మార్సాష్లోక్ అనే జాలర్ల ఊరిని మంగళవారం వేశారు, ఆ ఊళ్ళో చేపల సంత జరిగేది ఆదివారం. ఈ రెండూ మార్పించుకుంటే సరిపోయింది, కానీ మార్పించుకోవాలని నాకెలా తెలియాలి? నేను కూర్చుని వెతికాను కాబట్టి తెలిసింది. చేపల ఊళ్ళో పడవలు చూడాలి, పసుపు, ఎరుపు, నీలం రంగులు వేసి ముందువైపు రెండు కళ్ళు చెక్కి ఉంటాయి, దిష్టి తగలకుండా.

మూడోది నాకు బాగా కోపం తెప్పించింది. మ్దీనా అని పాత రాజధాని, కోట లోపల ఊరు, చాలా అందంగా ఉంటుంది. ప్యాకేజీ వ్యాను అక్కడ ముప్పావుగంట ఆపి, అక్కణ్ణుంచి గాజు బొమ్మలు అమ్మే క్రాఫ్ట్స్ విలేజ్‌కి తీసుకెళ్ళి అక్కడ గంటన్నర పెడుతుంది. మ్దీనా కోట గుమ్మం బయటే రబాత్ ఊరు, పది నిమిషాల నడకలో పౌలు ఉన్నాడని చెప్పే గుహ, దాని మీద చర్చి. పోపులు ముగ్గురు వచ్చి ప్రార్థన చేసిన చోటు అది, 1990లో జాన్ పాల్, 2010లో బెనెడిక్ట్, 2022లో ఫ్రాన్సిస్. మా అమ్మ ఈ దేశానికి వచ్చిందే దాని కోసం, బుక్ చేసేటప్పుడే ఆ మాట చెప్పాం, అయినా ప్లానులో లేదు. షాపింగ్ స్టాపు వదిలేసి మేమే వెళ్ళాం. గుహ చిన్నదే, మెట్లు దిగి వెళ్ళాలి, లోపల తెల్లటి పౌలు విగ్రహం. అమ్మ గోడ మీద అరచెయ్యి పెట్టి 28వ అధ్యాయం మొదటి నుంచీ తెలుగులో పైకే చెప్పుకుంది. పక్కన పోలండ్ నుంచి వచ్చినవాళ్ళు కొందరు ఆవిడ అయ్యేదాకా మాట్లాడకుండా ఆగారు. వాలెట్టాలో కూడా ఓడ పగిలిన సంఘటన పేరు మీదే ఒక చర్చి ఉంది, పౌలు మణికట్టు ఎముక అని చెప్పేది అక్కడ భద్రంగా పెట్టారు. ఫిబ్రవరి 10న ఊరంతా పండగ చేస్తారట. బైబిల్ చదివే కుటుంబాలు మన దగ్గర ఇన్ని ఉన్నాయి, ఇజ్రాయెల్ యాత్రలు ఇన్ని వేస్తున్నారు, మాల్టాకి పౌలు దారి పేరుతో ఒక ప్లాను వేయాలని ఒక్క ఆఫీసుకీ ఎందుకు తోచదో నాకు అర్థం కాదు.

హైపోజియం సంగతి వివరంగా రాయాలి, ఎందుకంటే మాల్టా ట్రిప్పులో తేదీలు పెట్టాల్సింది దీన్ని బట్టే. పావోలా అనే ఊళ్ళో మామూలు ఇళ్ళ కింద, సున్నపురాతిలోకి మూడు అంతస్తులుగా తొలుచుకుంటూ పోయిన సమాధి గదులు. 1902లో ఇళ్ళకి నీటి తొట్టి తవ్వుతున్న కూలీలకి దొరికింది. సుమారు 7,000 మందిని అక్కడ పాతిపెట్టారని అంచనా. కట్టింది ఐదు వేల ఏళ్ళ పైమాటే, ఇనుము లేదు, రాగి లేదు, కొమ్ములతో, చెకుముకి రాళ్ళతో తొలిచారు. మన ఊపిరిలో తేమకి లోపలి రంగులు పాడవుతాయని గంటకి పదిమందినే పంపుతారు, రోజు మొత్తానికి 80 మంది. ఆరేళ్ళలోపు పిల్లలకి ప్రవేశం లేదు. ఫోటోలు తియ్యనివ్వరు.

మా సేల్స్ అబ్బాయి “అక్కడికి వెళ్ళాక చూసుకోవచ్చు మేడమ్” అన్నాడు. రోజుకి 80 టికెట్లున్న చోటికి, వెళ్ళాక ఏం చూసుకుంటాం? నెలల ముందే అయిపోతాయి. హెరిటేజ్ మాల్టా అని ప్రభుత్వ సంస్థ సైటులో నేనే కార్డుతో కొనుక్కున్నాను, ఆ తేదీ ఖాయమయ్యాక మిగతా రోజులు దాని చుట్టూ సర్దమని ఆఫీసుకి చెప్పాను. దొరకనివాళ్ళకి ముందురోజు కొద్ది టికెట్లు వాలెట్టాలో ఫోర్ట్ సెయింట్ ఎల్మో అనే కోటలో అమ్ముతారు, పొద్దున్నే వెళ్ళి నిలబడాలి, పెద్దవాళ్ళతో అది కుదరదు.

లోపల ఎలా ఉంటుందంటే, దీపాలు మీరు నడిచే కొద్దీ కాసేపు వెలిగి ఆరిపోతాయి. ఒక గది కప్పు మీద ఎర్రమట్టితో వేసిన చుట్లు, ఒకదాన్నుంచి ఒకటి తీగలాగా పాకుతూ ఉంటాయి. ఆ వెలుగు ఉన్నంతసేపూ మెడ ఎత్తి చూస్తూనే ఉన్నాను. ఎవరో ఒక మనిషి ఒకప్పుడు ఇలాగే తల వెనక్కి వాల్చి, దీపం పట్టుకుని, వేలితోనో కుంచెతోనో ఆ గీత గీసి ఉంటారు కదా అనిపించింది. ఇంకో గదిలో గోడకి చిన్న గూడు, అందులో బొంగురు మగ గొంతుతో పలికితే గది మొత్తం మోగుతుంది. మెట్లూ ఇరుకూ ఉన్నాయి, మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఆలోచించుకోండి, అమ్మ రాలేదు. ఆవిడకి వాలెట్టాలో మ్యూజియంలో ఆ హైపోజియంలోనే దొరికిన నిద్రపోతున్న స్త్రీ బొమ్మ చూపించాం, పన్నెండు సెంటీమీటర్ల మట్టిబొమ్మ, పక్కకి ఒత్తిగిలి చెయ్యి తలకింద పెట్టుకుని పడుకుని ఉంటుంది. ఆ దీవి మొత్తంలో నాకు బాగా నచ్చింది అదే.

ప్యాకేజీలో గొప్పగా ఉన్నది వాలెట్టా గైడు, అది నిజాయితీగా చెప్పాలి. అక్కడి ఆవిడే, ఇంగ్లీషు చక్కగా మాట్లాడుతుంది, అక్కడ ఇంగ్లీషు కూడా అధికార భాషే కాబట్టి ఎక్కడా ఇబ్బంది లేదు. 1530లో స్పెయిన్‌ని ఏలిన చక్రవర్తి ఐదో చార్లెస్ ఈ దీవుల్ని సెయింట్ జాన్ నైట్లకి (క్రైస్తవ యోధుల సంఘం) ఇచ్చి కౌలుగా ఏటా ఒక్క డేగని అడిగాడని, 1565లో ఒట్టోమన్ సైన్యం నాలుగు నెలల దగ్గర దగ్గర ముట్టడి వేసినా గెలవలేకపోయిందని, ఆ మరుసటి ఏడాదే గ్రాండ్ మాస్టర్ లా వాలెట్ ఈ ఊరికి పునాది రాయి వేశాడని, కోటగోడ మీద నిలబెట్టి ఏ కోట ఎక్కడుందో వేలితో చూపిస్తూ చెప్పింది. కెథడ్రల్ లోపల నేలంతా నైట్ల సమాధి రాళ్ళే, రంగురాళ్ళతో పొదిగినవి, హీల్స్ వేసుకుని వస్తే లోపలికి రానివ్వరు, భుజాలు కూడా కప్పుకోవాలి. అక్కడే ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో 1608లో వేసిన బాప్తిస్మమిచ్చు యోహాను శిరచ్ఛేదం బొమ్మ, గోడంత ఉంటుంది. ఆయన సంతకం పెట్టిన బొమ్మ ఇదొక్కటే, ఆ సంతకం కూడా మెడ నుంచి కారిన రక్తపు మడుగులోనే రాశాడు. గైడు చెప్పకపోతే మేం దాన్ని గమనించేవాళ్ళం కాదు. అదే ఏడాది కొట్లాట కేసులో జైల్లో పడి తప్పించుకుపోతే, నైట్లు ఆయన్ని తమ సంఘం నుంచి వెలివేసింది ఈ బొమ్మ ఉన్న గదిలోనే. ఈ సగం రోజుకి పెట్టిన డబ్బు ప్రతి పైసా సార్థకం.

హోటలు మొదట పాచెవిల్ దగ్గర ఇచ్చారు, పబ్బులన్నీ అక్కడే, తెల్లవారేదాకా పాటలు. తొమ్మిదింటికి పడుకునే అమ్మతో అక్కడెలా అని స్లీమాకి మార్పించాం, తేడా డబ్బు కొంచెం కట్టాం. స్లీమా నుంచి వాలెట్టాకి పడవలో పది నిమిషాలు, పొద్దున పూట ఆ పడవ ప్రయాణమే సగం హాలిడే. దీవులన్నీ కలిపినా 316 చదరపు కిలోమీటర్లు, మన బెంగళూరు పాత కార్పొరేషన్ (బీబీఎంపీ) పరిధిలో సగం కూడా లేదు. కాబట్టి రోజూ వ్యాను అక్కర్లేదు, బస్సులు అన్ని వైపులకీ ఉన్నాయి, సీజన్లో నిండిపోయి ఆపకుండా వెళ్ళిపోతాయి అంతే. ప్యాకేజీలో రోజువారీ వ్యాను తీసేయించి డబ్బు తగ్గించమని గట్టిగా అడగండి. మేం అడిగితే రెండు రోజులు తగ్గించారు. గోజో పడవకి కూడా ప్యాకేజీ అవసరం లేదు, వెళ్ళేటప్పుడు టికెట్ అడగరు, తిరిగొచ్చేటప్పుడు గోజోలో కట్టాలి. గోజోలో జ్గంతియా గుళ్ళు తప్పకుండా చూడండి, క్రీస్తు పూర్వం 3600 ప్రాంతం నాటివి, ఈజిప్టు పిరమిడ్ల కంటే పాతవి.

కొమినో అనే చిన్న దీవి పక్కన నీలం నీళ్ళ చోటు, బ్లూ లగూన్ ట్రిప్పు మాకు నచ్చలేదు. నీళ్ళు ఫోటోల్లో ఉన్నట్టే ఉంటాయి, కానీ నీడ లేదు, మే నెలలో ఈత కొట్టేంత వెచ్చదనం నీళ్ళకి రాదు, జనం కిక్కిరిసి ఉన్నారు. 2025 నుంచి ముందే ఆన్‌లైన్‌లో స్లాట్ తీసుకోవాలి, మీ ఆఫీసు తీసుకుందో లేదో కనుక్కోండి. పక్కనున్న ఇటలీ దీవి సిసిలీకి ఒక్కరోజు ట్రిప్పు అని ఇంకోటి అంటగట్టబోయారు, వద్దన్నాం.

భోజనం విషయంలో రాత్రిళ్ళు ఇండియన్ రెస్టారెంట్ పెట్టారు, అమ్మకి అన్నం, పప్పు దొరికాయి, సంతోషం. కానీ పగలు మాత్రం పస్తీజ్జీ తినండి. మన బేకరీ కర్రీ పఫ్ లాగే పొరలు పొరలుగా ఉంటుంది, లోపల రికోటా జున్ను గానీ బఠాణీ ముద్ద గానీ. బఠాణీది వేడివేడిగా, కొద్దిగా కారం తగిలి, మనవాళ్ళ నోటికి ఇట్టే నచ్చుతుంది. పూర్తి శాకాహారులు పిండిలో ఏ కొవ్వు వాడారో అడిగి తీసుకోవాలి. కుందేలు కూర అక్కడి పేరున్న వంట, మా ఆయన తిని మెచ్చుకున్నాడు. చార్జర్ పిన్నులు ఇంగ్లండ్ తరహా మూడు చదరపు కాళ్ళవి, అడాప్టర్ ఇక్కడే కొనుక్కోండి.

డబ్బు సంగతి. విమానంతో కలిపి మనిషికి లక్షన్నర దాటింది, దాని మీద టీసీఎస్ (ప్యాకేజీ అమ్మేవాళ్ళు ముందే వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు, అది ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది, సర్టిఫికెట్ అడిగి తీసుకోవాలి. వీసా రాకముందే మొత్తం కట్టేయమని ఒత్తిడి చేశారు. మేం ఒప్పుకోలేదు. వీసా రాకపోతే ఎంత తిరిగి వస్తుందో కాగితం మీద రాయించుకున్నాకే బ్యాలెన్స్ కట్టాం.

తిరిగొచ్చాక ఇదంతా ఆ ఆఫీసు మేనేజర్‌కి మెయిల్ రాశాను. వచ్చే సీజన్ పీడీఎఫ్ మొన్న పంపారు. అజూర్ విండో ఫోటో తీసేశారు, కెథడ్రల్ సోమవారానికి మారింది. రబాత్ గుహ, హైపోజియం మాత్రం ఇంకా లేవు, అడిగినవాళ్ళకి కలిపి ఇస్తామన్నారు. బుక్ చేసేటప్పుడు అడగండి, టికెట్ నంబరు చేతికి వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.